ప్రింట్ తీసే ముందు: ప్రాజెక్టు రిపోర్టు రాసుకోవడం, దిద్దుకోవడం ఎలా

మార్చి వచ్చిందంటే మా షాపుకి పండగ, నాకు మాత్రం టెన్షన్. విజయనగరంలో కోట దగ్గర ఒక సందులో చిన్న డీటీపీ షాపు నాది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, ఒక స్పైరల్ బైండింగ్ మిషను. రాత్రి ఎనిమిదిన్నరకి పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. "అక్కా, రేపే లాస్ట్ డేట్, బేగి ప్రింట్ తీసేయక్కా!" ఫైలు తెరిస్తే మొదటి పేజీలోనే 'విద్యార్ధి' అని ఉంటుంది, వాళ్లు సర్వే చేసొచ్చిన ఊరి పేరు నలభై పేజీల్లో మూడు రకాలుగా ఉంటుంది, కృతజ్ఞతల పేజీలో కృతజ్ఞతలు అన్న మాటే తప్పు ఉంటుంది. చూసుకోలేదా అని అడిగితే "రెండుసార్లు చూశానక్కా" అంటారు. అబద్ధం కాదు, చూసే ఉంటారు. మనం రాసింది మనమే చదివేటప్పుడు అక్కడ ఏం ఉండాలో మనకి ముందే తెలుసు, అందుకని లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఈ సంగతి నాకు ఒక శుభలేఖ దగ్గర తెలిసొచ్చింది. షాపు పెట్టిన కొత్తలో ఒక పెళ్లి కార్డు టైపు చేశాను. పెళ్లికూతురు పేరు ముందు ఉండాల్సిన 'చి.ల.సౌ.' వెళ్లి పెళ్లికొడుకు పేరు ముందు కూర్చుంది, ఆ అమ్మాయికి వట్టి 'చి.' మిగిలింది. ప్రూఫ్ తీసిస్తే ఆ ఇంట్లో నలుగురు చూశారు. మేనమామ తన పేరు ఉందో లేదో చూసుకున్నాడు, తండ్రి ముహూర్తం టైమ్ చూశాడు, తల్లి కల్యాణ మండపం అడ్రస్ చూసింది, తాతగారు బంధువుల పేర్ల వరస చూశారు. అందరూ సరే అన్నారు. ఐదు వందల కార్డులు అచ్చయి, పసుపు రాసి పంచడానికి కూర్చున్నాక ఎనిమిదో తరగతి పిల్ల ఒకత్తి "బావగారు లక్ష్మీ సౌభాగ్యవతా?" అని పకపకా నవ్విందట. డబ్బులు నేనే కట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆ నలుగురూ బాగానే చూశారు, ఎవరు దేని కోసం వెతికారో అది వాళ్లకి సరిగ్గానే దొరికింది. తప్పు కోసం ఎవరూ వెతకలేదు, అంతే. కింద చెప్పబోయే పద్ధతంతా ఆ ఐదు వందల కార్డుల ఖర్చులోంచి వచ్చిందే అనుకోండి.

ముందు నోటితో చెప్పండి

రాయడానికి కూర్చోక ముందే, మీ రిపోర్టు ఏం చెబుతుందో పక్కనున్న ఫ్రెండ్‌కి ఒక్క ముక్కలో చెప్పండి. చెప్పలేకపోతే ఇంకా రాయడం మొదలుపెట్టొద్దు, నోట్సు మళ్లీ తిరగెయ్యండి.

డిగ్రీ వాళ్లు చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టే తీసుకుందాం. ఎండలో ఊరంతా తిరిగి, ఇంటింటికీ వెళ్లి, మంచినీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటున్నారు, పిల్లలు ఏ బడికి వెళ్తున్నారు అని అడిగి రాసుకొస్తారు. తీరా రిపోర్టు "నేటి ఆధునిక సమాజంలో నీటి యొక్క ప్రాముఖ్యత ఎంతైనా కలదు" అని మొదలవుతుంది. ఈ వాక్యం ఫ్యాను కింద కూర్చుని కూడా రాయొచ్చు కదా, దానికి మీరు చెమటోడ్చడం ఎందుకు? "మేం తిరిగిన 60 ఇళ్లలో 22 ఇళ్ల వాళ్లు వేసవిలో మంచినీళ్లకి వీధి చివరి బోరు దగ్గరికే వెళ్తున్నారు" అని మొదలుపెట్టి చూడండి (అంకెలు ఉదాహరణకి వేశాను, మీవి మీరు వేసుకోండి). చదివే సారు అక్కడే ఒక్క క్షణం ఆగుతారు.

ఇంకో రోగం ఉంది: 'యొక్క', 'చేయబడినది', 'ఇవ్వబడినది', 'అనునది'. ఇంట్లో ఎవరైనా "అన్నం వండబడినది, రా" అంటారా? సర్వే 'నిర్వహించబడినది' కాదు, మీరు చేశారు, 'చేశాం' అని రాయండి. గిడుగు రామమూర్తి గారు మన శ్రీకాకుళం వైపు, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. జనం మాట్లాడే తెలుగు బడిలోకి, పుస్తకాల్లోకి రావాలని ఏళ్ల తరబడి పోట్లాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు స్టేజీ ఎక్కి ఆయన గురించి ఉపన్యాసం ఇచ్చి, మర్నాడు లీవ్ లెటర్‌లో "నాకు జ్వరము వచ్చియున్నందున" అని రాస్తాం.

అయితే ఇక్కడొక మాట. వ్యావహారికం అంటే నోటికొచ్చినట్టు రాసి వదిలేయడం కాదు. అలాగని మన యాస తప్పేమీ కాదు. సర్వేలో ఒక ముసలమ్మ "కుళాయి రాకపోతే ఏటి సేస్తాం బావూ" అని ఉంటే, కొటేషన్ మార్కులు పెట్టి ఆవిడ అన్నది అన్నట్టే రాయండి, దాన్ని 'ఏమి చేయగలము' అని దిద్దడం ఆవిడ నోరు నొక్కడమే. మీ సొంత పేరాలు మాత్రం అందరికీ అర్థమయ్యే తెలుగులో, మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉండాలి. ఒక పేజీలో 'చేశాము', ఇంకో పేజీలో 'చేసితిమి', మూడో పేజీలో 'చేసాం' అని ఉంటే ముగ్గురి దగ్గర కాపీ కొట్టారని తెలిసిపోతుంది. (కొట్టారా? సరే, ఆ సంగతి తర్వాత.)

రాసేటప్పుడు దిద్దొద్దు

మొదటిసారి గబగబా రాసేయండి. అక్షరదోషం వచ్చిందా, రానివ్వండి. ఫోన్‌లో మాట చెబితే టైపు చేసే మైకు వాడుకున్నా ఫర్వాలేదు, దానికి ఫుల్‌స్టాపులు తెలీవు, ఊరి పేర్లు అస్సలు తెలీవు, అయినా మొదటి చిత్తుకి చాలు. ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఇది 'శ'నా 'ష'నా అని ఆలోచిస్తే చెప్పాల్సింది గాలికి పోతుంది.

కాకపోతే చిత్తుని చిత్తు అని ఒప్పుకోవాలి. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం 1892లోనే స్టేజీ ఎక్కింది, 1897లో అచ్చయింది. ఆడిన నాటకం, అచ్చయిన పుస్తకం, ఇంకెవరైనా అయితే చాల్లే అనుకునేవారు. ఆయన దాన్ని మళ్లీ పట్టుకుని, కొత్త నాటకమే అన్నంతగా తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం ఇవాళ చదివేదీ, ఆడేదీ ఆ రెండోదే. ఆయన మన ఊళ్లో బతికిన మనిషే. మిమ్మల్ని పన్నెండేళ్లు ఆగమనడం లేదు, ఒక్క రాత్రి ఆగండి. సోమవారం సబ్మిట్ చెయ్యాలంటే శనివారానికి రాయడం అయిపోవాలి, ఆదివారం పొద్దున్న దిద్దుడు. ఆ ఒక్క రాత్రిలో ఏమవుతుందంటే, మీ వాక్యాలు మీకే కొంచెం పరాయివి అవుతాయి, పరాయివాళ్ల తప్పులు కనిపెట్టడంలో మనందరం మహా గట్టివాళ్లం.

లీవ్ లెటర్, చిన్న అప్లికేషన్ లాంటివాటికి ఇంత అక్కర్లేదు. రాసి, లేచి వెళ్లి టీ తాగి వచ్చి, పేరు, తేదీ, సంతకం మూడూ చూసుకుంటే చాలు.

కాగితం మీద, గట్టిగా

స్క్రీన్ మీద దిద్దకండి. ఒక కాపీ ప్రింట్ తీసుకోండి, పాత కాగితాల వెనకవైపైనా సరే. ప్రింట్‌కి డబ్బులు లేకపోతే ఫైల్లో ఫాంటు మార్చేసి అక్షరాలు పెద్దవి చెయ్యండి. లైన్లు వేరే చోట విరుగుతాయి, పేజీ కొత్తగా కనిపిస్తుంది, నిన్నటిదాకా దాక్కున్న తప్పులు బయటికొస్తాయి.

తర్వాత గట్టిగా చదవండి. సిగ్గుపడితే మేడ మీదికి వెళ్లి చదవండి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యంలో ఏదో ఉంది. ఊపిరి సరిపోకపోతే వాక్యం పొడుగైంది, రెండు ముక్కలు చెయ్యండి. (నా వాక్యాలు పొడుగే, తెలుసు. నాకు ఇంటర్నల్ మార్కులు వేసేవాళ్లు లేరు.) ఏకవచనం బహువచనం కలవకపోవడం, "గ్రామస్థులు చెప్పింది" లాంటివి, కన్ను వదిలేసినా చెవి పట్టుకుంటుంది.

పాత ప్రెస్సుల్లో ఇంకా మంచి పద్ధతి ఉండేది. ఒకరు రాతప్రతి పట్టుకుని పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫ్ కాగితం చూస్తూ పెన్నుతో గుర్తులు పెట్టేవారు. మీరూ చెయ్యొచ్చు, ఇద్దరు కూర్చోండి. ముఖ్యంగా సర్వే ఫారాల్లోంచి అంకెలు టేబుల్‌లోకి ఎక్కించినప్పుడు ఇది తప్పనిసరి. ఒకరు ఫారం చూసి "పదిహేడో ఇల్లు, మనుషులు ఐదుగురు, గేదెలు రెండు" అంటుంటే ఇంకొకరు టేబుల్‌లో టిక్కు పెట్టుకుంటూ పోవాలి. వాళ్లది మీరు, మీది వాళ్లు. పునుగుల ప్లేటుతో సరిపోయే బేరం.

ఒక్కో విడతకి ఒక్కటే

అసలు కిటుకు ఇది, శుభలేఖ నేర్పింది. ఒకేసారి అన్నీ వెతికితే ఏదీ దొరకదు. ఒకసారి పేర్లు మాత్రమే, ఒకసారి అంకెలు మాత్రమే, ఒకసారి అక్షరాలు మాత్రమే. మూడు విడతలు అంటే భయపడకండి, ఒక్కదాని కోసమే వెతుకుతూ వెళ్తే పేజీ ఇట్టే అయిపోతుంది.

పేర్లు. మనుషుల పేర్లు, ఊళ్లు, మండలాలు, సార్ల డిగ్రీలు, మీ రిజిస్టర్ నంబరు. గైడ్ గారి పేరు తప్పు రాసి ఆయన చేతే సంతకం పెట్టించుకోబోయిన వీరులున్నారు. సీనియర్ల రిపోర్టు తీసుకుని ఊరి పేరు మార్చి పెట్టే బాపతైతే (ఇందాక చెప్తానన్నది ఇదే) ఎక్కడో ఒకచోట, మామూలుగా ముగింపు పేజీలో, పాత ఊరి పేరు అలాగే ఉండిపోతుంది. జిల్లాల విషయం మరీ జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి మన విజయనగరం జిల్లాకి వచ్చింది, పార్వతీపురం, పాలకొండ కొత్త పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. పాత రిపోర్టులోంచి ఎత్తుకొస్తే 'శ్రీకాకుళం జిల్లా రాజాం మండలం' అనే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షల పైచిలుకు అన్నది 2011 జనాభా లెక్క, అది పాత హద్దులతో వేసిన లెక్క, కాబట్టి ఏ సంవత్సరందో, ఏ హద్దులదో పక్కనే రాయాలి. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మన విజయనగరానికి 'జె' కాదు, 'జెడ్'. హంపీ రాయల విజయనగరంతో కలిపేయకండి.

అంకెలు. టేబుల్‌లో 60 ఇళ్లు, కింద పేరాలో 58 ఇళ్లు, ముగింపులో 'దాదాపు 70 ఇళ్లు'. ఇది నేను వారానికి ఒకటి చూస్తాను. శాతాలన్నీ కూడి చూడండి. పాయింట్ల తర్వాత అంకెలు దగ్గరి పూర్తి అంకెకి సర్దినప్పుడు 99 గానీ 101 గానీ వస్తే సరే, 112 వస్తే మాత్రం వైవాలో మీరు చెప్పేదేమీ ఉండదు.

ఇక అక్షరాలు. ఇక్కడ కొంచెం సేపు కూర్చుందాం, మన వైపు వాళ్లకి అసలు చిక్కు ఇక్కడే. మనం మాట్లాడేటప్పుడు చదువు సదువవుతుంది, భయం బయమవుతుంది, ధనం దనమవుతుంది. మాటకి అది అందమే. కానీ ఒత్తు ఉందో లేదో చెవి చెప్పదు కాబట్టి గట్టిగా చదివినా ఈ తప్పులు దొరకవు, కంటితో పట్టుకోవాల్సిందే. విడివిడిగా బట్టీ పట్టకండి, కుటుంబాలుగా గుర్తుపెట్టుకోండి. అర్థి అంటే కోరేవాడు, విద్యను కోరేవాడు విద్యార్థి. అదే ఇంటివాళ్లు అభ్యర్థి, ప్రార్థన, పదార్థం, సమర్థుడు, అందరికీ 'థ'నే. అర్ధం అంటే సగం, కాబట్టి అర్ధరాత్రికి, అర్ధ సంవత్సర పరీక్షలకి 'ధ'. 'నాకు అర్ధమైంది' అని రాశారంటే సగమే బుర్రకెక్కిందని మీరే ఒప్పుకున్నట్టు.

శ్రద్ధ, బుద్ధి, పద్ధతి, సిద్ధం, అభివృద్ధి, ఇవన్నీ ఒక గుంపు, దకారం కింద 'ధ' ఒత్తు. పెద్ద, ఎద్దు, ముద్ద లాంటి అచ్చ తెలుగు మాటలకి ఆ బరువు ఉండదు. స్థలం, స్థితి, సంస్థ, వ్యవస్థ ఒక వైపు, పుస్తకం, వస్తువు, ప్రస్తుతం, విస్తరణ ఇంకో వైపు. నిష్ఠ, ప్రతిష్ఠ వేరు, కష్టం, నష్టం వేరు. కృతజ్ఞతలు, విజ్ఞానం, జ్ఞాపకం అన్నిటికీ 'జ' కింద ఒత్తు. చాలామంది 'కృతఙ్ఞతలు' అని రాస్తారు, అందులో ఉన్నది జ కాదు, 'ఙ' అనే వేరే అక్షరం, ఫోన్ చూపించింది కదా అని నొక్కేస్తే అదొచ్చి కూర్చుంటుంది.

ల, ళ సంగతి ఇంకా సరదా. వేల అంటే వెయ్యి మీద వెయ్యి, వేళ అంటే సమయం. 'పది వేళ రూపాయల ఆదాయం' అని రాస్తే పూటపూటకీ సంపాదిస్తున్నట్టు ఉంటుంది. ఒక అమ్మాయి జానపదాల మీద చాలా బాగా రాసిన రిపోర్టులో "తప్పెటగుళ్లు వంటి కలలు అంతరించిపోతున్నాయి" అని ఉంది. కళలు అనబోయి కలలు అంది. చదివి నాకే దిగులేసింది, దిద్దబుద్ధి కాలేదు, అయినా దిద్దమని చెప్పాను.

అనుమానం వస్తే వదిలేయకండి, గుర్తు పెట్టుకుని చివర్లో అన్నీ ఒకేసారి నిఘంటువులో చూసుకోండి. ఆంధ్రభారతి సైట్‌లో ఒక మాట కొడితే చాలా నిఘంటువుల్లో ఒక్క దెబ్బకి వెతుకుతుంది, డబ్బులేమీ కట్టక్కర్లేదు. కొన్ని మాటలకి రెండు రూపాలూ వాడుకలో ఉంటాయి, అప్పుడు ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే రాయండి.

మీ నోట్‌బుక్ వెనక పేజీలో మీరు ఎప్పుడూ చేసే తప్పులు రాసుకుంటే ఇంకా మంచిది. ఎవరి తప్పులు వాళ్లకి ఉంటాయి, మహా అయితే పదిహేనో ఇరవయ్యో. నాది ఇప్పటికీ 'సన్నిహితం', ప్రతిసారీ ఆగుతాను.

రిపోర్టు ఇంగ్లిష్‌లో అయితే స్పెల్ చెక్ ఉంది కదా అని ధీమా వద్దు. 'ఫ్రమ్' (from) రాయబోయి 'ఫార్మ్' (form) రాస్తే, 'క్వైట్' (quite) అనబోయి 'క్వయిట్' (quiet) అంటే అది ఎర్రగీత పెట్టదు, రెండూ దానికి తెలిసిన మాటలే. 'పబ్లిక్'లో ఎల్ ఒకటి ఎగిరిపోయినా అది నోరెత్తదు, పరువు మాత్రం పోతుంది. అలాంటివి మీ చేతికి ఎక్కువగా పడేవి ఏవో తెలుసుకుని, సెర్చ్‌లో ఆ మాట కొట్టి ఒక్కొక్కటీ చూసుకోండి.

మిషన్లని ఎంతవరకు నమ్మాలి

తెలుగుకి స్పెల్ చెక్ పెట్టే ఎర్రగీతలు చూసి కంగారుపడకండి, సరైన మాటల కిందా పెడుతుంది. ఇక ఫైండ్ అండ్ రీప్లేస్. కలల అమ్మాయి రిపోర్టులో తొందర కొద్దీ 'కల' ఉన్నచోటల్లా 'కళ' అని ఒక్క నొక్కు నొక్కాను. కళలు వచ్చాయి. వాటితో పాటు 'కలిసి' కాస్తా 'కళిసి' అయింది, 'కలెక్టర్' 'కళెక్టర్' అయ్యాడు, 'సకలం' 'సకళం' అయింది. మొత్తం వెనక్కి తిప్పి ఒక్కొక్కటీ మార్చుకునేసరికి పది దాటింది. 'రీప్లేస్ ఆల్' జోలికి పోకండి, ఒక్కోటి చూసి ఒక్కోటి మార్చండి.

ఈ మధ్య అందరూ చాట్‌బాట్‌కి ఇచ్చి దిద్దించుకుంటున్నారు. ఇవ్వండి, కానీ "తిరగరాయి" అనకండి. "తప్పులు మాత్రం వరసగా చెప్పు, నేను మార్చుకుంటాను" అనండి. తిరగరాయమంటే ముసలమ్మ మాటని గ్రాంథికం చేస్తుంది, 22 ఇళ్లని 'అనేక కుటుంబాలు' చేస్తుంది, ఊరి పేరు తనకి తోచినట్టు మారుస్తుంది. అది చెప్పిన తప్పు నిజంగా తప్పేనా అని కూడా నిఘంటువులో చూసుకోవాలి.

షాపుకి వచ్చేటప్పుడు

పీడీఎఫ్ చేసి తీసుకురండి. మీ దగ్గరున్న ఫాంటు మా దగ్గర లేకపోతే పేజీలు జరిగిపోతాయి, విషయసూచికలో 14వ పేజీ అన్నది 16కి పోతుంది. వర్డ్ ఫైలు కూడా వెంట ఉండాలి, చివరి నిమిషం కరెక్షన్లకి. ఫైలుకి 'ఫైనల్ ఫైనల్ కొత్తది 2' అని కాకుండా మీ పేరు, తేదీ పెట్టండి, లేకపోతే మీరే పాత ఫైలు ప్రింట్ తీయిస్తారు. కొన్ని షాపుల్లో ఇప్పటికీ అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తారు, మీరు ఫోన్‌లో కొట్టేది యూనికోడ్ అనే వేరే పద్ధతి, దాన్ని అటు మార్చినప్పుడు అక్కడక్కడ ఒత్తులు చెదిరిపోతాయి. మార్చాక మళ్లీ చదవకుండా ఓకే చెప్పొద్దు.

ముందు ఒక్క కాపీ తీయించండి. అక్కడే స్టూలు మీద కూర్చుని కవర్ పేజీ, సర్టిఫికెట్ పేజీ, విషయసూచిక, పేజీ నంబర్లు చూడండి. పెద్ద అక్షరాల్లో ఉన్న తప్పుని ఎవరూ చదవరు, టైటిల్‌లో ఉన్నది ఎలాగూ కరెక్టే అనుకుంటారు, అందుకని కవర్ పేజీని చివరి మాట నుంచి మొదటి మాటకి వెనక్కి చదవండి. అన్నీ బాగుంటే అప్పుడు మిగతా కాపీలు, అప్పుడు బైండింగ్. స్పైరల్ వేశాక పేజీ మార్చాలంటే మొత్తం ఊడదీయాలి, హార్డ్ బైండింగ్ అయితే ఇక అంతే.

ఈ సంవత్సరం నుంచి లాస్ట్ డేట్ ముందురోజు రాత్రి తొమ్మిదికి షట్టర్ దించేస్తున్నాను. ప్రూఫ్ చూసుకోవడానికి అయితే మాత్రం పొద్దున్న పదింటికి రండి, స్టూలు, ఎర్ర పెన్ను రెండూ షాపులోనే ఉంటాయి.